కట్ట కింద కొలువు

విక్రమరావుగారి చెరువు కట్ట మట్టిదే అయినా అది నిలబడి ఉన్నది మట్టి బలం మీద కాదు, కట్ట కింద కాపురం ఉంటున్న బుగ్గయ్య భయం మీద. ఇందులో వింతేమీ లేదు. సొంతంగా మట్టికట్ట కట్టుకునేవారు లోపల రాతిగోడైనా పెట్టాలి, కింద భయపడే మనిషినైనా పెట్టాలి అని నిబంధన. రాతిగోడ ఖర్చుతో కూడిన పని. వికారాబాద్ వైపు షికారు కోసం చెరువులు కట్టించుకున్న పెద్దమనుషులంతా రెండోదే ఎంచుకున్నారు.

బుగ్గయ్య చేను ఆ చెరువులోనే మునిగింది కాబట్టి కొలువు అతనికే ఇచ్చారు. చెప్పుకోవడానికి తేలిక పనే. కట్ట వారగా వేసిచ్చిన రేకుల గదిలో తినాలి, పడుకోవాలి, ఇది ఎప్పుడు తెగి మీద పడుతుందోనని మనసారా భయపడాలి. పాము భయం, దయ్యం భయం, జబ్బు భయం లెక్కలోకి రావు. ఒకసారి బుగ్గయ్యకి జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడితే రావుగారే స్వయంగా వచ్చి ఆ గదిలో ఒక పూట కూర్చున్నారు. పాపం, శాయశక్తులా ప్రయత్నించారు. కానీ ఆయన ఆస్తులన్నిటికీ బీమా ఉంది, కారు గుమ్మం ముందే ఉంది. అలాంటి భయాన్ని మన్ను పట్టించుకోదు. సాయంత్రానికల్లా కట్ట నెర్రె విచ్చింది. జ్వరంతోనే బుగ్గయ్యని తెచ్చి మంచం మీద పడుకోబెడితే గానీ అది మూసుకోలేదు.

ఆదివారాలు పట్నం నుంచి జనం వచ్చేవారు. పైన తొక్కుడు పడవలు, కేరింతలు, వేడి వేడి పకోడీలు. కింద బుగ్గయ్య గుండె దడ. రెండూ సక్రమంగా సాగుతుండగా ఏళ్లు గడిచాయి.

ఒక ఏడు వానలకు ముందు తనిఖీకి వచ్చిన ఇంజనీరు సుచరిత కట్ట అడుగున ఊటనీరు చూసి ఆగిపోయింది. ఊట తేటగా వస్తే ఫర్వాలేదు. బురదగా వస్తే లోపల మన్ను కరుగుతున్నట్టు. అది బురదగానే వస్తోంది.

"ఏం బుగ్గయ్యా, ఈ మధ్య నిద్ర బాగా పడుతోందా?"

"అబద్ధమెందుకు మేడం. మెత్త మీద తల పెడితే తెల్లారుడే."

"అదే మరి. భయం అలవాటైపోయింది నీకు."

బుగ్గయ్య తల దించుకున్నాడు. ఇన్నేళ్ల కొలువులో మాట పడడం అదే మొదలు. "భయపడాల్ననే ఉంటది మేడం. ఎంత జేసినా అస్తలేదు. ఒంటి మనిషిని, పోతే పోత అనిపిస్తున్నది."

సుచరిత చెడ్డ మనిషేమీ కాదు. నిబంధనల్లో ఉన్న దారి చెప్పింది. తన ప్రాణం మీద తీపి తగ్గిన మనిషి దగ్గర అయినవాళ్లని తెచ్చి ఉంచవచ్చు.

తాండూరులో ఉన్న కూతురు అనసూజని పిలిపించారు. ఆమె మొగుడు బోర్లు వేసే లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు. రావుగారు ఇంకో రేకుల గది వేయించి ఫ్యాను కూడా పెట్టించారు. అనసూజ అప్పుడే నడక నేర్చిన తన బిడ్డ పూజితను చంకనెత్తుకుని దిగింది. దించీ దించగానే పిల్ల ఊటలో కూర్చుని నీళ్లు చిందించింది. అది చూసిన బుగ్గయ్య ఒక్క ఉరుకున వచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. అంత భయం అతను పుట్టి బుద్ధెరిగాక ఎరగడు. మర్నాటికి ఊట తేటపడింది, తర్వాత నిలిచిపోయింది. రావుగారు మిఠాయి పంపి, చెరువులోకి కొత్త పడవలు దింపారు.

పూజితకు మాటలు బాగా వచ్చే వేళకు బుగ్గయ్యకి అరవై దగ్గరపడ్డాయి. అరవై దాటిన వాళ్ల భయం చెల్లదు. కొలువు ఇంట్లోవాళ్లకే ఇస్తామని రావుగారు పెద్దమనసు చేసుకున్నారు. సుచరిత అనసూజని పరీక్షించి చూసింది.

"నాతోని గాదు మేడం," అంది అనసూజ. "బండి మీద పోయిన మనిషి మర్లి అస్తడో లేదో, నెల ఎట్ల ఎల్లదీయాల్నో. నా భయమంత గాటికే సరిపోతున్నది. నీళ్లకు మిగుల్తలేదు."

ఇక మిగిలింది పిల్ల. పిల్లకి కట్ట అంటే జారుడుబండ.

"నేర్పితే వస్తుంది బుగ్గయ్యా. చిన్నప్పుడు నేర్పిన భయం గట్టిగా నిలుస్తుంది," అంది సుచరిత.

"నేర్పకపోతే మేడం?"

"తెగుతుంది. ముందు పోయేది మీ గదులే."

"ఇడిసిపెట్టి పోతే?"

"నిన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. దిగువ ఊళ్లో ఉన్నది మీవాళ్లేగా. వాళ్లకి ఒక మాట చెప్పి వెళ్లు."

ఆ ఆదివారం బుగ్గయ్య మనవరాలిని కట్ట ముందు నిలబెట్టాడు. అరచేతుల్లో పెట్టుకుని పెంచిన పిల్ల. గొంతు కరుకు చేసుకుని చెప్పాడు. ఈ మన్ను వెనక నీళ్లున్నాయి. ఒక రోజు వస్తాయి. అమ్మను గుంజుకుపోతాయి. పిల్ల నవ్వింది. అతను మళ్లీ చెప్పాడు, ఈసారి భుజాలు పట్టుకుని. నవ్వు ఆగింది.

"గట్లయితే మనం పోదాం తాతా."

"మనం పోతే కట్ట తెగుతది బిడ్డా."

పైనుంచి పడవల మీద వాళ్ల కేకలు వినబడుతున్నాయి. పిల్ల తలెత్తి విన్నది.

"మరి ఆళ్లకు భయం గాదా?"

"ఆళ్ల భయం గూడ మనమే పడాలె."

పూజిత తాత పంచె రెండు చేతులా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బుగ్గయ్య ఏడుపు మాన్పకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు. కాళ్ల కింద మన్ను బిగుసుకోవడం తెలిశాక పిల్లని ఎత్తుకుని, కండువాతో ముక్కు తుడిచాడు.

"అయిపాయె బిడ్డా," అన్నాడు వీపు నిమురుతూ. "ఇగ నీకేం కాదు."