రానన్నవారికే సీటు

విద్యార్థికి శ్రమ కలగకుండా విద్య అందించడంలో గోదావరి డెల్టా మిగతా ప్రపంచం కంటే యాభై ఏళ్లు ముందుందని ఫార్మసీ కళాశాలల హాజరు సడలింపు మండలి తన తొలి సమావేశంలోనే తీర్మానించింది. (సభ్యులెవరూ ఆ సమావేశానికి రాలేదు. తీర్మానం మాత్రం ఏకగ్రీవం.) ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. దారి అడిగిన మనిషిని కూడా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపే ప్రాంతం ఇది. అలాంటి చోట పొద్దున్నే పిల్లల్ని లేపి, బస్సెక్కించి, రోజంతా బల్లల మీద కూర్చోబెట్టడం మర్యాద అనిపించుకోదు. అందుకే ఇక్కడి ఫార్మసీ కాలేజీలన్నీ "మీరెందుకండి రావడం, మేం చూసుకుంటాం కదండి" అన్న ఒక్క వాక్యం మీద నడుస్తున్నాయి.

ఈ మర్యాద సంగతి ధవళేశ్వరం కృపారాణికి తెలియదు. పద్దెనిమిదేళ్ల పిల్ల. తల్లి ఏసమ్మ మిషన్ స్కూల్లో ఆయా. ఇంటర్ చదువుతూనే కృపారాణి రెండేళ్లు బ్యారేజీ రోడ్డులో లోకనాథ్ గారి మెడికల్ షాపులో కౌంటర్ దగ్గర పనిచేసింది. మందుల షాపన్నాక చదువుకున్న ఫార్మసిస్టు ఒకరు ఉండి తీరాలని చట్టం. లోకనాథ్ గారు చట్టాన్ని గౌరవించే మనిషి కాబట్టి ఆయన షాపులోనూ ఒక ఫార్మసిస్టు ఉన్నాడు, గోడ మీద. గాజు ఫ్రేములో సర్టిఫికెట్, దాని మూల పాస్‌పోర్టు సైజు ఫొటో, కింద పల్లంరాజు అని పేరు. ఆయన ఉండేది అమలాపురమని ఒకసారి, మస్కట్ అని ఒకసారి లోకనాథ్ గారు చెప్పారు. (ఫార్మసిస్టు షాపులో ఉండాలని చట్టం అందిగానీ, ఏ ఎత్తున ఉండాలో చెప్పలేదు.)

చేపలమ్మే తలుపులమ్మ ఒకరోజు ఆ ఫొటోకి కనకాంబరాల దండ పట్టుకొచ్చింది. పోయిన మనిషికి ఇన్నాళ్లూ దండైనా వేయలేదేంటని లోకనాథ్ గారిని చీవాట్లు పెట్టింది. ఆయన బతికే ఉన్నారని కృపారాణి చెప్పింది. "బతికుంటే ఓసారి కిందకి దిగమనమ్మా, ఈ బిళ్ల సగం ఏసుకోవాలో మొత్తం ఏసుకోవాలో అడుగుతాను" అంది తలుపులమ్మ.

ఆ మాటకి కృపారాణి రెండు రోజులు నవ్వుకుంది. ఆ తర్వాతి నెలలో తలుపులమ్మ కొత్త చీటీ తెచ్చింది. లోకనాథ్ గారు భోజనానికి వెళ్లారు. డాక్టరు గారి రాతలో ఆ షుగరు బిళ్ల పేరు రెండు విధాలుగా చదవచ్చు. ఒక్క అక్షరం తేడాతో రెండు మందులూ అరలో పక్కపక్కనే ఉన్నాయి. కృపారాణి గోడ మీదికి చూసింది. పల్లంరాజు గారు ఫొటోగ్రాఫరు చెప్పినట్టు కళ్లు పెద్దవి చేసి చూస్తున్నారు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆమె ఒకదాన్ని తీసి ఇచ్చింది. మూడో రోజున తలుపులమ్మ చేపల గంపతో సహా కాలవ గట్టు మీద పడిపోయింది. ఆస్పత్రిలో గ్లూకోజు పెడితే తేరుకుంది. వారం తిరక్కుండానే గుప్పెడు బొమ్మిడాయిలు తెచ్చి కృపారాణి చేతిలో పెట్టి, "పిల్లదానివి, బెంగెట్టుకోకు" అని వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కృపారాణికి. ఆ చేపలు ఆమె తినలేకపోయింది. ఇక మీదట ఎవరైనా కౌంటరు ముందు నిలబడి అడిగితే గోడ వైపు చూడకుండా జవాబు చెప్పగలగాలి, ఆమెకి కావలసింది అదొక్కటే. అందుకు రెండేళ్ల డి.ఫార్మసీ చదవాలనుకుంది. కాకినాడలో సర్కారు సీటు రెండు మార్కుల్లో తప్పిపోయింది. మిగిలినవి మర్యాదగల కాలేజీలు.

ఫలితాలొచ్చిన మర్నాటి నుంచే కాలేజీల పీఆర్వోలు ఏసమ్మ ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒకాయన తమ కాలేజీకి నెలకొకసారి వస్తే చాలన్నాడు. రెండో ఆయన పరీక్షలకి వస్తే చాలన్నాడు. మూడో ఆయన నొచ్చుకుని, "ఆయ్, పరీక్షలకి మాత్రం పిల్లల్ని రమ్మంటామేంటండి, మేమేమన్నా పరాయివాళ్లమా" అన్నాడు. బ్రాందీ చవగ్గా దొరికే యానాం పక్కనున్న కాలేజీ మీద వీధిలోని తండ్రులందరికీ గురి కుదిరింది. పిల్లలకి బదులు తామే వారం వారం వెళ్లి చదువు వాకబు చేసి వస్తామని కొందరు ముందుకొచ్చారు. ల్యాబులు ఎలా ఉంటాయని కృపారాణి అందరినీ అడిగింది. అందరూ బ్రోషర్లో ల్యాబు ఫొటో చూపించారు. అన్ని బ్రోషర్లలోనూ ల్యాబు ఒకటే, అందులో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి కూడా ఒకతే.

చివరికి ఆమె బస్సు సౌకర్యం చూసుకుని రెండు కాలేజీలకి దరఖాస్తు పెట్టింది. కోరుకొండ రోడ్డులో వనమూలిక ఫార్మసీ కళాశాల, ద్రాక్షారామం వైపు కాలవ గట్టున అమృతగుళిక ఫార్మసీ కళాశాల. రెండింటిలోనూ ఇంటర్వ్యూ తప్పనిసరి. ఎందుకంటే ఒక్కో కాలేజీలో సీట్లు అరవై, కుర్చీలు పదకొండు. రాకపోకల విషయంలో అభ్యర్థి గుణగణాలు ముందుగా తెలుసుకోకపోతే సంస్థ చిక్కుల్లో పడుతుంది.

వనమూలిక ఇంటర్వ్యూకి కృపారాణి రెండు వందల మందుల పేర్లు బట్టీపట్టి వెళ్లింది. వాళ్లు ఒక్క మందు పేరు కూడా అడగలేదు. సీటొస్తే ఏం చేస్తావమ్మా అని అడిగారు. రోజూ వస్తానని, ల్యాబులో కూర్చుని అన్నీ నేర్చుకుంటానని చెప్పింది. బల్లకి అటువైపున్న ముగ్గురూ పెన్నులు కింద పెట్టేశారు. ఆమెకి బాదం పాలు ఇప్పించి, బస్టాపు దాకా మనిషిని తోడిచ్చి పంపారు. నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. "అభ్యర్థిలో హాజరయ్యే లక్షణాలు ముదిరిన స్థితిలో కనిపించినందున సీటు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాము."

ఏసమ్మ ఆ ఉత్తరం చూసి, కూతురికి ఏ జబ్బు చేసిందోనని కంగారుపడింది. విషయం విన్న లోకనాథ్ గారు, కోచింగ్ లేకుండా ఇంటర్వ్యూకి ఎవరైనా వెళ్తారా అని మందలించి, రాజమండ్రి దేవీచౌక్ దగ్గర మేడ మీద శిక్షణ ఇచ్చే సురేష్‌బాబు మాస్టారి దగ్గరికి పంపారు. మాస్టారు లోగడ ఓ ఫార్మసీ కాలేజీలో లెక్చరరు. పొరపాటున రెండు రోజులు వరసగా క్లాసు చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నారు.

ఆయన సిలబస్ అంతా ఒకే మాట మీద ఉంది. రాను. అయితే డెల్టాలో ఎదుటి మనిషి మొహం మీద రాను అనడం మోటు. రానండి అంటే ఫర్వాలేదు. రావాలనే ఉందండి గానీ అని ఆపి, నేల చూపులు చూడటం ఉత్తమం. (పెళ్లి పిలుపులకి మనం చెప్పే జవాబే. ప్రాథమిక జ్ఞానం అందరికీ ఉంటుంది, సాధన చాలదంతే అన్నారు మాస్టారు.) ఫార్మసీయే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే జనానికి సేవ చేయాలని ఉంది అనకూడదు, అనుమానం వస్తుంది. మా వీధి మెడికల్ షాపులో ఒక గోడ ఖాళీగా ఉందండి అనాలి. మూడు వారాల్లో కృపారాణి ఈ విద్యలో ఆరితేరింది. మనసులో మాత్రం లెక్క వేరే ఉంది. ముందు రానని చెప్పి సీటు సంపాదించాలి, ఆ తర్వాత రోజూ వెళ్లాలి. అబద్ధమాడుతున్నందుకు ఆదివారం చర్చిలో ముందుగానే క్షమాపణ అడిగేసుకుంది.

అమృతగుళికలో ప్రిన్సిపాల్ గారు, ఇద్దరు సభ్యులు, జవాబులు రాసుకోడానికి గుమాస్తా బేబీ గారు కూర్చున్నారు. బయట వరండాలో అధ్యాపకుల ఫొటోలు వరసగా ఉన్నాయి. మూడో ఫొటో పల్లంరాజు గారిది. అవే పెద్ద కళ్లు, కింద ప్రొఫెసర్ అని ఉంది. ఇంతకాలం ఒకే కప్పు కింద ఉన్న పరిచయం కొద్దీ కృపారాణి చెయ్యెత్తి నమస్కారం పెట్టబోయి ఆగింది. లోపల అన్ని ప్రశ్నలకీ తడుముకోకుండా చెప్పింది. గోడ ఖాళీగా ఉందంది. రావాలనే ఉందండి గానీ అని నేల చూపులు చూసింది. ఇంత చక్కగా రాని పిల్లని ఈ మధ్య కాలంలో చూడలేదని ప్రిన్సిపాల్ గారు మురిసిపోయి, సీటు ఖాయమని రాయించారు. కృపారాణి సంతోషంగా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ చెప్పింది.

"వస్తానండి."

బేబీ గారు ఆ జవాబు కూడా రాసుకున్నారు. (మాస్టారి సిలబస్ ఆఖరి ప్రశ్నతోనే అయిపోతుంది. గుమ్మం అందులో లేదు.) ఆమెని వెనక్కి పిలిచారు. ఇంటర్వ్యూ ముగిశాక అన్న మాట లెక్కలోకి వస్తుందా అన్న విషయమై చర్చ జరిగింది. సెలవు పుచ్చుకునేటప్పుడు ఎవరైనా అనే మాటేనని ఒక సభ్యుడన్నాడు. అన్నది ఎప్పుడైనా అన్నదేనని, రేపు పిల్ల నిజంగా వచ్చి నిలబడితే కూర్చోబెట్టేది ఎక్కడని రెండో సభ్యుడన్నాడు. మాట మార్చుకునే అవకాశం ఇద్దామని, వెళ్తానండి అనమ్మా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. కృపారాణి వరండా వైపు చూసింది. శుభమా అని సీటొచ్చిన రోజున, వెళ్తాను అని గడప దాటితే తోడొచ్చి వరండాలో కూర్చున్న ఏసమ్మ గుండె ఆగిపోతుంది. ఆ బాధ అక్కడున్న నలుగురికీ అర్థమైంది. వాళ్లలో ఎవరూ పుట్టి బుద్ధెరిగి ఆ మాట అన్నవాళ్లు కారు. పోనీ వెళ్లొస్తానండి అందామా అంటే, అందులోనూ వచ్చే ప్రమాదం పొంచి ఉంది.

చివరికి బేబీ గారు కళ్లజోడు పైకి తోసి సూటిగా అడిగారు. "సెలవు తీసుకుంటూ అన్నావామ్మా, నిజంగా వస్తాననా?"

సెలవు కోసమే అంటే సీటు దక్కుతుంది. అందుకు మూడు వారాలు కోచింగ్ ఉంది. కానీ కృపారాణికి గట్టు మీద దొర్లిన చేపల గంప గుర్తొచ్చింది.

"రెండూనండి" అంది.

అదృష్టం బాగుండి మండలి నిబంధనావళిలో పద్నాలుగో నియమం ఆదుకుంది. ఎప్పుడైనా తనిఖీ అధికారులు వస్తే చూపించడానికి ప్రతి కాలేజీ ఒక్క విద్యార్థిని వచ్చే కోటాలో చేర్చుకోవచ్చు. (తనిఖీ అధికారులు ఆన్‌లైన్‌లోకి మారాక ఆ కోటా పదేళ్లుగా ఖాళీగానే ఉంది.) కృపారాణికి ఆ సీటు ఇచ్చారు. కూర్చోడానికి పదకొండు కుర్చీల్లో ఏదైనా ఎంచుకోవచ్చన్నారు.

ఆమె ఏడాది పాటు రోజూ వెళ్లింది. పాఠాలు చెప్పేవాళ్లు గోడ మీదే ఉండటంతో, బేబీ గారి దగ్గర తాళం తీసుకుని లైబ్రరీలో తనే చదువుకుంది. మూడో నెలలో ఆ రెండు షుగరు బిళ్లల పేజీ దొరికింది. రెండూ ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో, చీటీ అర్థం కాకపోతే డాక్టరుకి ఫోను చేయకుండా ఏదీ ఇవ్వకూడదని ఎందుకంటారో ఆమె నాలుగుసార్లు చదివింది. సాయంత్రాలు షాపు పని మాత్రం ఆమె మానలేదు. ఆ శనివారం తలుపులమ్మ షాపుకొచ్చి సగమా మొత్తమా అని అడిగితే, కృపారాణి గోడ వైపు చూడకుండా చెప్పింది. ఆ పూట ఇంటికెళ్లి కడుపు నిండా అన్నం తింది.

హాజరు సంగతే కుదరలేదు. కాలేజీలో వేలిముద్ర యంత్రం ఉంది. రాని యాభై తొమ్మిది మందికీ రబ్బరు వేళ్లు తయారు చేయించి, పేర్లు రాసి డబ్బాలో భద్రపరిచారు. బేబీ గారు రోజూ పదింటికి ఒక్కో వేలూ యంత్రం మీద ఆనించేవారు. ఏళ్ల తరబడి రబ్బరుకే అలవాటుపడ్డ యంత్రం కృపారాణి అసలు వేలిని గుర్తుపట్టడానికి ససేమిరా అంది. నీకూ ఒక రబ్బరు వేలు చేయిస్తానమ్మా అని బేబీ గారు జాలిపడ్డారు. నేను వస్తున్నాను కదండి అంది కృపారాణి. ఆ మాట బేబీ గారికి వినబడింది, యంత్రానికి వినబడలేదు.

ఏడాది చివర ప్రిన్సిపాల్ గారు ఆమెని పిలిపించి కుర్చీ వేయించారు. యాభై తొమ్మిది మందికి తొంభై రెండు శాతం హాజరు వచ్చిందని, ఆమెకి మాత్రం సున్నా అని, పరీక్షకి అనుమతించలేకపోతున్నామని ఎంతో బాధపడుతూ చెప్పారు. ఇది కాలేజీ పేరుకే మచ్చ అన్నారు. కాగితం మీద సంతకం తీసుకుని, వచ్చే ఏడాదైనా బుద్ధిగా ఇంటి దగ్గరుండి హాజరు పెంచుకోమని సలహా చెప్పి, బాదం పాలు ఇప్పించారు.

కృపారాణి పాలు ముట్టుకోలేదు. కుర్చీలోంచి లేచింది. లైబ్రరీ తాళంచెవి బేబీ గారి బల్ల మీద పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట అంది.

"వెళ్తానండి."

ప్రిన్సిపాల్ గారు ఉలిక్కిపడి ఫైల్లోంచి తలెత్తారు. చదువుకుంటున్న పిల్లకి ఆ మాత్రం తెలియకపోతే ఎలా అని నిజంగానే నొచ్చుకున్నారు.

"తప్పమ్మా, అలా అనకూడదు. వస్తానని చెప్పాలి."