కొండరాజు అల్లుడికి నడుంనొప్పి

ఆ శనివారం పొద్దున సిగ్వల్ది వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజధాని రేక్యవిక్‌లో బస్సెక్కిన యాత్రికుల్ని ఎగువ కొండలకు తీసుకెళ్లాలి. లావా బీడులో నడిపించాలి. వేడినీటి బుగ్గలో కాసేపు నానబెట్టాలి. చీకటి పడేలోగా తెచ్చి ఎక్కించుకున్నచోటే దింపెయ్యాలి. ఈ మధ్యలో మావగారి కంట పడకూడదు.

బస్సు బయల్దేరే ముందు యజమానురాలు హెర్దీస్ నారింజరంగు చొక్కాల మూట ఒకటి అతని చేతిలో పెట్టింది. "పైన పొగమంచట. అందరికీ ఇవి తొడిగించు. ఇంకోమాట సిగ్వల్దీ, మళ్లీ మళ్లీ చెప్పను. చలికాలానికి ఒక్క గైడునే ఉంచుకుంటున్నాను. ఇవాళ్టి ట్రిప్పు మీద ఫిర్యాదు రాకపోతే ఆ ఒక్కడివీ నువ్వే. వచ్చిందో, నీ దారి నువ్వు చూసుకో."

ఆ దారి ఎటు పోతుందో సిగ్వల్దికి బాగా తెలుసు. ఉద్యోగం లేకపోతే పట్నంలో ఇల్లు నిలవదు. ఇల్లు నిలవకపోతే పెళ్లాంతో సహా మావగారి పంచన చేరాలి. చలికాలమంతా ఆయన గొర్రెల కొట్టంలో గడ్డి వేస్తూ ఇల్లరికపు అల్లుడిలా బతకాలి. గొర్రెల మీద అతనికి ఏ కోపమూ లేదు, పాపం అవేం చేశాయి? భయమల్లా మావగారు కోల్‌బెయిన్ అంటేనే. ఆయన ఒక గొర్రెను చూపించాడంటే దాని ముత్తవ్వ దాకా వెళ్లి గానీ ఆగడు. మధ్యలో ఎవరైనా ఆవలిస్తే మళ్లీ మొదట్నించీ అందుకుంటాడు.

అసలే అది సెప్టెంబరు. వేసవంతా కొండల్లో మేసిన మందల్ని కిందికి తోలుకొచ్చే రోజులు. ఆ పనికి ఇంటికో మనిషి వెళ్లి తీరాలి, వెళ్లలేనివాడు తన బదులు మరొకణ్ణి పంపాలి. తోలకానికి పెద్దగా ఉండేవాణ్ణి కొండరాజు అంటారు. కొండ మీద ఆయన మాటకు తిరుగులేదు. ఆ కొండరాజు కోల్‌బెయినే. పెళ్లయిన దగ్గర్నుంచీ సిగ్వల్ది ఏటా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాడు. ఈసారి నిజం చెప్పే వీలు అసలే లేదు. "గొర్రెల్ని వదిలేసి మనుషుల్ని తోలుకుంటున్నావా?" అని నలుగురిలో కడిగేస్తాడు.

అందుకని అతని భార్య ఉన్నుర్ ముందురోజే పుట్టింటికి వెళ్లింది. అక్కణ్ణించి ఫోన్ చేసి, "నీకు నడుం పట్టేసి మంచం మీద ఉన్నావని నాన్నతో చెప్పేశాను" అంది. "వాళ్లు రేపు కొండకు అవతలి పక్క ఉంటారు. నువ్వు ఇవతలి పక్క తిరిగి, గప్‌చుప్‌గా దిగిపో."

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. బస్సు రెండు వాగులు దాటి కొండపాదం చేరేసరికి అవతలి పక్క పొగమంచు దట్టంగా కమ్మేసింది. మబ్బులో తోలకం ఎలాగని కొండరాజు మనుషుల్నీ గుర్రాల్నీ ఇవతలి పక్కకు మళ్లించాడు. ఆ సంగతి సిగ్వల్దికి ఎవరు చెబుతారు? ఆ కొండల్లో ఫోన్ పలకదు.

అతను మాత్రం హుషారుగానే నడుస్తున్నాడు. వెనక నారింజరంగు చొక్కాల్లో యాత్రికులు వరసకట్టి వస్తున్నారు. అందరికంటే ముందు మరైకె, హాలండులో ఎముకల డాక్టరు. ఆమె వెనక ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాస్, జోన్ దంపతులు. వాళ్లది గొర్రెల ఫారం.

"గొర్రె మొహం కనబడని దేశానికి తీసుకెళ్లమన్నాను, వింటున్నారా?" అంది జోన్ సిగ్వల్దితో. "ఈ మనిషి ఒట్టేశాడు."

"ఇంతదాకా ఒక్కటన్నా కనబడిందా?" అన్నాడు రాస్.

అప్పుడే గట్టు మీంచి ఒకటి కనబడింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఓ పాతిక, తర్వాత గట్టంతా తెల్లగా కదిలింది. కుక్క మొరిగింది. మంచులోంచి పొట్టిగుర్రం మీద, గడ్డానికి ముక్కుపొడుం అంటించుకుని, సాక్షాత్తూ మావగారు దిగివచ్చాడు. సిగ్వల్ది గుండె జారి బూట్లలోకి పోయింది.

"అల్లుడూ! నువ్వా? నడుం పట్టేసి మంచం మీద ఉన్నావని అమ్మాయి చెప్పిందే!"

సిగ్వల్ది చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది. "పట్టేసింది మావయ్యా. ఇంకా పట్టేసే ఉంది. అబ్బా!"

"మరి వీళ్లంతా ఎవరు?" కోల్‌బెయిన్ నారింజరంగు చొక్కాల్ని ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశాడు. చూసిన కొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. "ఓహో! తన బదులు మనుషుల్ని పంపుతున్నాడు నాన్నా అని అమ్మాయి అంటే నేను నమ్మలేదు సుమా. ఏ సన్నాసినో ఒకణ్ణి అంటగడతాడులే అనుకున్నా. ఇంతమందినా! పైగా ఆ నడుం వేసుకుని నువ్వే దగ్గరుండి తీసుకొచ్చావా!"

మనుషుల్ని పంపే సంగతి సిగ్వల్ది అప్పుడే మొదటిసారి విన్నాడు. ఉన్నుర్ అబద్ధాన్ని ఉన్నంతలో ఉంచకుండా దానికి ఇంకో అంతస్తు లేపిందన్నమాట. మావగారు గుర్రం దిగి అల్లుణ్ణి కౌగిలించుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేదు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆ కళ్లలోకి చూస్తూ "కాదు మావయ్యా, వీళ్లు డబ్బు కట్టి షికారుకొచ్చినవాళ్లు" అని చెప్పడానికి సిగ్వల్దికి నోరు పెగల్లేదు.

కొండరాజు ఇంక ఆలస్యం చెయ్యలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో చేతులు తిప్పుతూ ఒక్కొక్కరినీ ఒక్కో చోటికి తరిమాడు. "నువ్వు, ఆ గుట్ట! నువ్వు, వాగు పక్కన! అరవండి! గట్టిగా!"

"ఇది కూడా ప్రోగ్రాంలో ఉందా?" అంది మరైకె.

"ఉంది," అన్నాడు సిగ్వల్ది నీళ్లు నములుతూ. "ఆఖరి నిమిషంలో చేర్చాం."

"గొర్రెలు!" అంది జోన్. ఒక్క మాటే అంది. ఆ మాటలో మొదటి ఫిర్యాదు స్పష్టంగా వినబడింది అతనికి. రాస్ కాసేపు మొహం అటు తిప్పుకుని మంచుకేసి చూస్తూ నిలబడ్డాడు గానీ, వాగు పక్కన యాత్రికుల్లోని ఓ కుర్రజంట మందను కిందికి పోనివ్వక పైకి ఎగదోస్తుంటే తట్టుకోలేకపోయాడు. "వెనక్కి! వెనక్కి రండి! గొర్రెను ఎదురెళ్లి తోలతారా ఎక్కడన్నా? మీకు తల్లీ తండ్రీ లేరా?" అని అరుచుకుంటూ వాగులోకి ఉరికాడు. జోన్ బండ మీద చతికిలబడింది.

అసలు చిక్కు అక్కణ్ణించి మొదలైంది. మావగారి ముందు నడుం వంచి నడవాలి. యాత్రికుల ముందు నిటారుగా నడవాలి, కుంటే గైడుకు డబ్బెవరిస్తారు? ఇద్దరూ ఒకే బీడులో ఉంటే మనిషన్నవాడు ఎలా నడిచి చావాలి? సిగ్వల్ది ఇటు నాలుగడుగులు ఒంగి, అటు నాలుగడుగులు నిక్కి నడిచాడు. ఆ నడక మరైకె కంట పడింది. ఆమె గుట్ట దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"కదలకండి! అక్కడే పడుకోండి! వెన్నులో ఏదో జరిగింది. ఇలాంటి నడక నేనెప్పుడూ చూళ్లేదు."

"ఎవరీవిడ?" అన్నాడు కోల్‌బెయిన్.

"ఎముకల డాక్టరు మావయ్యా."

"డాక్టర్ని కూడా వెంటబెట్టుకుని నడిచొచ్చావా? అంత నొప్పిలోనా!" కొండరాజు టోపీ తీశాడు. "నిన్ను ఇన్నాళ్లూ బద్ధకస్తుడివనుకున్నాను. క్షమించు నాయనా."

వేడి తగిలితే కండరాలు సడలుతాయంది మరైకె. ఇద్దరు రైతులు సిగ్వల్దిని మోసుకుపోయి, బట్టలూడదీసి, వేడినీటి బుగ్గలో మెడదాకా కూర్చోబెట్టారు. ఆ నీళ్లలోంచి అతను తన బతుకు తెల్లారిపోవడాన్ని చెవులారా విన్నాడు. మంచులో ఎక్కణ్ణించో యాత్రికులు తలో భాషలో అరుస్తున్నారు. ఎవరో బురదలో దబ్బున పడ్డారు. ఎవరో ఏడ్చారో నవ్వారో తెలియలేదు, ఏడ్చారనే అనుకున్నాడు. డబ్బు కట్టినవాళ్లు కొండల్లో గొర్రెల వెంట పరిగెడుతున్నారు, జీతం తీసుకునేవాడు వేడినీళ్లలో కూర్చున్నాడు. హెర్దీస్ దీన్ని ఎవరికి ఎలా చెప్పుకుంటుంది? తను ఇప్పుడు లేచి పారిపోదామన్నా ఒంటిమీద గుడ్డలేదు. దేవుడా, ఈ చలికాలం ఇంక కొట్టంలోనే, అనుకుని కళ్లు మూసుకున్నాడు.

మరైకె వెనక చేరి నడుం నొక్కింది. "ఇక్కడ నొప్పా?"

ఈమెకైనా తను బాగానే ఉన్నానని తెలిస్తే యాత్రికుల్ని పోగుచేసుకుని బయటపడొచ్చని సిగ్వల్దికి చిన్న ఆశ పుట్టింది. "అస్సలు లేదండీ. సుబ్బరంగా ఉంది."

"ఇక్కడ? గట్టిగా గిల్లుతున్నాను, చూడండి."

"నొప్పే లేదు," అన్నాడు పళ్లు బిగబట్టి.

ఆమె మొహం పాలిపోయింది. "ఇందాక వంగిపోయి నడిచాడు, ఇప్పుడు అసలు నొప్పే తెలియడం లేదు. స్పర్శ పోయినట్టుంది!"

"ఏమంటోంది?" అన్నాడు గట్టు మీదున్న కోల్‌బెయిన్.

"ఏం లేదంటోంది మావయ్యా."

"ఏం లేదనే మొహమా అది?" అంటూ ఆయన జేబులోంచి వాకీటాకీ తీశాడు.

అల్లుడి నడుం పడిపోయిందని ఆయన కొండ మీంచి చెప్పాడు. కింది గుడిసెవాడు వెన్నెముక విరిగిందని పక్కవాడికి చెప్పాడు. పక్కవాడు కాళ్లు రెండూ పోయాయని ఊళ్లోకి చెప్పాడు. పుట్టింట్లో మాంసం పులుసు కలుపుతున్న ఉన్నుర్‌కు ఆ మాట చేరేసరికి ఆమె గరిటె పట్టుకునే జీపెక్కింది. రేక్యవిక్‌లో హెర్దీస్‌కు తన గైడు ఇంక ఆఖరి ఘడియల్లో ఉన్నాడని తెలిసింది.

సాయంకాలానికి మంద రాతిదొడ్డి చేరింది. దొడ్డి ముందే సహాయదళం బండి నిలబడి ఉంది. అందులోంచి తెచ్చిన స్ట్రెచర్ మీద, మళ్లీ బట్టలు తొడుక్కుని, పైన ఎవరిదో గొర్రెబొచ్చు స్వెట్టరు కప్పుకుని, సిగ్వల్ది ఆకాశంలోకి చూస్తూ పడుకున్నాడు. ఒక పక్క రైతులు, ఇంకో పక్క బురద కొట్టుకుపోయిన యాత్రికులు, ఎదురుగా అప్పుడే కారు దిగిన హెర్దీస్. ఉన్నుర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి స్ట్రెచర్ మీద పడి భోరుమంది.

"నా పాపమే! అంతా నా పాపమే నాన్నా! నడుంనొప్పి లేదు, ఏం లేదు! తోలకానికి రాకుండా తప్పిద్దామని నేనే అబద్ధమాడాను! మనుషుల్ని పంపుతున్నాడన్నదీ అబద్ధమే! వీళ్లు పాపం షికారుకొచ్చినవాళ్లు! దేవుడు కోపగించి నడుం నిజంగానే విరిచేశాడు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, సిగ్వల్దికి నాలుగు పక్కలా నుయ్యే. లేస్తే అబద్ధాలకోరు. లేవకపోతే ఆస్పత్రి. పెళ్లాం ఏడుపు మాత్రం చూడలేకపోయాడు. మెల్లగా కాళ్లు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఊరుకో ఉన్నుర్. నాకేం కాలేదు. పొద్దుట్నించీ ఏం కాలేదు."

రైతులు అతణ్ణి కొరకొరా చూశారు. యాత్రికులకు మాత్రం ఆ భాష ఒక్క ముక్క తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా స్పర్శ పోయినవాడు బుగ్గలో నానిన తర్వాత లేచి నిలబడ్డాడని. చప్పట్లు మోగిపోయాయి. మరైకె కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

హెర్దీస్ యాత్రికులకేసి తిరిగింది. "ఫిర్యాదులేమైనా ఉన్నాయా?"

"నాదొకటుంది," అంది జోన్. సిగ్వల్ది కళ్లు మూసుకున్నాడు. "మా ఆయన్ని చూడండి. పెళ్లయిన దగ్గర్నుంచీ నాతో ఇంత ఉత్సాహంగా ఒక్కరోజు మాట్లాడలేదు." అక్కడ రాస్, కోల్‌బెయిన్ ఒకే పొట్టేలును చెరో కొమ్మూ పట్టుకుని, చెరో భాషలో ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. "చలికాలంలో మళ్లీ వస్తాడట. రానివ్వండి. నేను స్పెయిన్ పోతాను." మిగతావాళ్లు కూడా చలికాలంలో ఇక్కడ ఏముంటుందని అడగడం మొదలుపెట్టారు.

హెర్దీస్ ఊళ్లోంచి వచ్చిన మాంసం పులుసు గిన్నె ఒకటి పట్టుకుని కోల్‌బెయిన్ దగ్గరికి నడిచింది. ఇద్దరూ గోడవారగా నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. తనను ముందు ఎవరు చంపాలో తేల్చుకుంటున్నారని సిగ్వల్దికి అనుమానం లేదు. చివరికి వాళ్లు చేతులు కలిపి ఇటు వచ్చారు.

"ఉద్యోగం నీదే," అంది హెర్దీస్. "చలికాలమంతా."

ఉన్నుర్ అతని మెడ చుట్టేసుకుంది.

"ఇక్కడే," అంది హెర్దీస్. "మీ మావయ్య కొట్టంలో. యాత్రికుల్ని నేను పంపుతుంటాను, నువ్వు చూపించు. వాళ్లు రాని రోజుల్లో ఆయన ఏ పని చెబితే అది. కొట్టం మీద అటక ఖాళీగా ఉందట, అక్కడ ఉండొచ్చు. గొర్రెల వంశాలన్నీ నీకు వచ్చి ఉండాలి సుమా, వాళ్లు అడుగుతారు."

కోల్‌బెయిన్ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో కోపం లేదు, అదే సిగ్వల్దిని ఎక్కువ భయపెట్టింది.

"బెంగపడకు అల్లుడూ. అవి నేను నేర్పిస్తాగా, ఒక్కోదాన్నీ మొదట్నించీ. ఏప్రిల్లో వచ్చే వేసవి తొలిరోజు పండక్కి నిన్ను వదిలేస్తాలే."

ఆ కొండల్లో వేసవి తొలిరోజున కూడా దారుల్లో మోకాల్లోతు మంచు ఉంటుంది.