టెస్ట్ మోడ్‌లో పైడిరాజు

పురపాలక సంఘం వెబ్‌సైటుకు ఈమెయిల్ పంపే ఏర్పాటు కలిపిన మర్నాటి నుంచి, ఊళ్లో అందరికీ జరగవలసినవన్నీ పైడిరాజు ఒక్కడికే జరగసాగాయి.

ఇందులో వింతేమీ లేదు. వెబ్‌సైటు ఉన్నది క్లౌడ్‌లో. కొత్తగా మెయిళ్లు పంపేవాళ్లను క్లౌడ్ కంపెనీ ముందు టెస్ట్ మోడ్‌లో పెడుతుంది. అందులో ఉన్నన్నాళ్లూ ఎవరికి పంపిన మెయిలైనా, తనిఖీ అయిన చిరునామాకే చేరుతుంది. తనిఖీ అయినది, ఆ ఏర్పాటు చేసిన కాంట్రాక్టు ప్రోగ్రామరు పైడిరాజు చిరునామా ఒక్కటే. ఇక పురపాలక నిబంధన ప్రకారం మెయిల్ ఎవరికి అందితే ఆ పని వారికి జరిగినట్టే. రెండూ సబబుగానే ఉన్నాయి, ఎవర్నని ఏం లాభం!

పొద్దున్నే అతని అద్దెగదికి వీధివాళ్ల కుళాయిలన్నీ బిగించారు. మధ్యాహ్నానికి కవలలకు తండ్రయ్యాడు. సాయంత్రం ఎవరిదో పెళ్లి అతనికి రిజిస్టరైంది. పెళ్లికూతురు వచ్చి, అతన్ని ఎగాదిగా చూసి, మంచినీళ్లు తాగి వెళ్లింది. పైడిరాజుకు తల తిరిగిపోయింది. పాపం, వచ్చే నెలలో అతను మేనమామ కూతురు ఈశ్వరిని చేసుకోవలసినవాడు.

కమిషనరు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, నన్ను ఇందులోంచి బయట పడెయ్యండి సార్. నాకు పెళ్లి కుదిరింది."

"అయిపోయిందిగా," అన్నారు కమిషనరు ఫైలు చూసి.

"ఆవిడెవరో నాకు తెలీదండి బాబూ!"

"మెయిల్ అందిందా, లేదా?"

"అందింది."

"మరింకేటి?"

పైడిరాజు క్లౌడ్ కంపెనీకి మొరపెట్టుకున్నాడు. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. నువ్వు కాక ఊళ్లో ఇంకొక్కరైనా తమ మెయిళ్లు తమకే కావాలంటే చాలు, టెస్ట్ మోడ్ ఎత్తేస్తాం, పెళ్లి కూడా అసలువాళ్లకే పోతుంది అన్నారు. ఒక్కరు! అతని ప్రాణం లేచొచ్చింది. కమిషనరు టౌన్‌హాల్లో సభ పెట్టించారు.

ఈలోగా రోడ్డు మీది ఇళ్లకూ బడ్డీలకూ రోడ్డు వెడల్పు నోటీసులు వెళ్లాయి. బుల్డోజరు వచ్చి అతని గది ముందుగోడ కూల్చింది. ఇంకో నోటీసు ఉందని మళ్లీ వచ్చి వెనకగోడ కూల్చింది. కూల్చడానికేమీ మిగలకపోయినా, పనివాళ్లు రోజూ వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్లారు.

సభకు ఊరంతా వచ్చింది. కమిషనరు అడిగారు.

"ఎవరి మెయిల్ వారికే రావాలనేవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కూరగాయలమ్మే రాములమ్మ మాత్రం లేచి, "ఆ బాబు సల్లగుండాల. నా బడ్డీ నిలబడిందంటే ఆయన పున్నెమే," అని కూర్చుంది.

పైడిరాజు ఈశ్వరి వంక చూశాడు. ఆమె ఇల్లూ ఆ రోడ్డు మీదే ఉంది. పక్కన తండ్రి నేల చూస్తున్నాడు.

"బావా, ఏటీ అనుకోకు," అంది ఈశ్వరి. "ఇల్లు పోతే నాన్నని ఎక్కడికి తీసుకెళ్లను? నువ్వంటే నాకు పేణం. కానీ నీకు ఇప్పటికే అన్నీ అయిపోయాయి కదా."

అందులో తప్పేముందో పైడిరాజుకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"ఇలాగే ఉండాలనేవాళ్లు?" అన్నారు కమిషనరు.

చేతులన్నీ లేచాయి. ఈశ్వరి చెయ్యీ లేచింది. ఏకగ్రీవమైతే రాసుకోవడం తేలిక గనుక గుమాస్తా పెన్ను పట్టుకుని ఆగాడు. హాలంతా పైడిరాజు వైపు ప్రేమగా చూసింది.

పైడిరాజు చెయ్యెత్తాడు.