తొమ్మిది జట్లు తీసేసిన పెళ్లికొడుకు

ఉద్యోగం ఊడటాన్ని మించిన అదృష్టం మనిషికి మరొకటి లేదు!

తొందరపడి పత్రిక మడిచేయకండి. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయితే దాన్ని రెండుసార్లు చదివాను కనుక, ఈనాటి లెక్కలో నాకు డబుల్ ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

రుజువు కావాలా? మేం వలసొచ్చిన ఈ చిన్న ద్వీపంలో, జురాంగ్ వెస్ట్‌లో, మా బ్లాకులోనే నాలుగో అంతస్తులో ఉంది. పేరు ఉదయ్‌కిరణ్. వయసు ముప్ఫై ఒకటి. వృత్తి బేస్‌బాల్ ఆడటం.

నవ్వుతారని తెలుసు. ఇది రెండువేల ఒకటో సంవత్సరం. విమానం దిగిన ప్రతి తెలుగువాడూ నేరుగా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంటున్న కాలం. సెరంగూన్ రోడ్డులో బెండకాయలు ఏరుకుంటుంటే, పక్కన వంకాయలు ఏరుకుంటున్నాయన "మీరు జావానా, ఒరాకిలా?" అని అడుగుతున్నాడు. ఇలాంటి రోజుల్లో బంతాట ఆడి బతకడమా? తండ్రి పార్థసారథి తువాస్‌లో ఓడల ఇంజనీరు. కొడుకేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, "ఫారిన్ ప్రాజెక్టుల మీద తిరుగుతుంటాడు" అని చెప్పి దగ్గుతాడు.

ఉదయ్ ఆడేది ఇన్‌ఫీల్డర్‌గా. గంప కింది నుంచి తప్పించుకున్న కోడిపెట్టను ఒంగి పట్టుకోవడం మీరెరుగుదురు కదా? అదే పని. కాకపోతే ఆ కోడి ఎక్స్‌ప్రెస్ బస్సంత వేగంతో నేలబారున వస్తుంది. పట్టగానే అవతలివాడికి విసరాలి. ఆస్ట్రేలియాలో ఒకసారి దుమ్ములో బంతి కనపడక, మైదానంలోకి దూరిన కుందేలును పట్టి విసిరాడట. అంపైరు అవుటిచ్చాడట. నేను చూడలేదు. చూసినవాడు చెబితే మీరు నమ్మరని నేనే చెబుతున్నాను.

ఇంత పనిమంతుణ్ని పదకొండేళ్లలో తొమ్మిది జట్లు తీసేశాయి. ఏ జట్టూ కావాలని పిలిచింది కాదు. వాళ్ల అసలు ఆటగాడి వేలో మణికట్టో విరిగితే వీడికి విమానం టికెట్ వస్తుంది. ఆ ఎముక అతుక్కోగానే తిరుగు టికెట్ వస్తుంది. అందుకని తల్లి కాత్యాయని గుడికి వెళ్లి, "స్వామీ, ఎవరి వేలూ విరగకూడదు. ఎలాగూ విరిగేదుంటే మాత్రం మావాడి ఫోన్ నంబరు వాళ్లకు గుర్తుండేలా చూడు" అని మొక్కుకుంటుంది. దేవుడికి ఇంత స్పష్టంగా అప్లికేషన్ పెట్టినవాళ్లను నేను చూడలేదు.

తీసివేతల్లో ఎన్ని లాభాలో చూడండి. తొమ్మిది దేశాల వంటలు తిన్నాడు. తొమ్మిది భాషల్లో "మళ్లీ కలుద్దాం" అనడం నేర్చుకున్నాడు. తొమ్మిది రంగుల జెర్సీలు వచ్చాయి. వాటిలో జపాన్‌ది నీళ్లు బాగా పీలుస్తుందని కాత్యాయని స్టవ్ తుడవడానికి ఉంచుకుంది. ఏ పర్మనెంటు ఉద్యోగి ఇంట్లో ఇంత వైభవం ఉంది?

చిక్కల్లా జనార్దనరావుతో వచ్చింది. ఎదుటి బ్లాకులో ఉంటాడు, డాట్‌కామ్ కంపెనీలో మేనేజరు. ఆయన కూతురు నిఖిల, ఉదయ్‌నే చేసుకుంటానంది. నాకు తెల్లజుట్టు ఉంది కదా అని రాయబారం నా నెత్తిన పెట్టారు.

"నిలకడ లేదు బాబాయిగారూ," అన్నాడు జనార్దనరావు.

"నాలుగేళ్లలో ఆరు కంపెనీలు మారిన మీరా అనేది?"

"నేను మారాను. అతన్ని మార్చారు. తేడా లేదూ?"

నేను చదివిన రెండు ఐదో తరగతుల్లోనూ ఈ తేడా చెప్పలేదు. చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు. "ఏ జట్టయినా సరే. ఏడాదంతా ఉంచుకుంటామని ఒక్క కాగితం తెమ్మనండి. ఆ రోజే తాంబూలాలు."

మార్చిలో తైవాన్ నుంచి పిలుపొచ్చింది. అక్కడెవరో స్కూటర్ మీద నుంచి పడ్డాడు. బాగా ఆడితే ఏడాదికి సంతకం పెడతామన్నారు. ఉదయ్ నలభై ఒక్క రోజులు ఆడాడు. కోడిపెట్ట ఒక్కటీ జారలేదట. నిఖిల రోజూ ఫోన్ కార్డు గీకి, "కాగితం ఇచ్చారా?" అని అడిగేది. నలభై రెండో రోజున స్కూటరువాడు కట్టు విప్పుకుని వచ్చాడు. ఉదయ్ సంచీతో తిరిగొచ్చాడు. కాగితం లేదు.

ఆ మర్నాడు, శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి నేనూ ఉదయ్ మా బ్లాకు కింద కూర్చుని ఉన్నాం. జనార్దనరావు ఒక అట్టపెట్టె మోసుకుంటూ వచ్చి మా పక్కన కూర్చున్నాడు. పొద్దున ఆఫీసు గేటు దగ్గర ఆయన కార్డు పనిచేయలేదు. మూడుసార్లు తుడిచి పెట్టాడు. నాలుగోసారి సెక్యూరిటీ అతను ఈ పెట్టె చేతికిచ్చాడు. సామాను ముందే సర్ది ఉంది.

ఉదయ్ వెళ్లి, ఇక్కడివాళ్లు కోపీ అనే కాఫీలు మూడు తెచ్చాడు.

"నీకిది ఎన్నోదయ్యా?" అడిగాడు జనార్దనరావు.

"తొమ్మిదోది అంకుల్. మీకు?"

"మొదటిది."

"ఫస్ట్ టైమ్ కష్టం లా. తర్వాత అలవాటైపోద్ది." ఆ "లా" ఇక్కడ పెరిగిన పిల్లల మాటకు తోక, అర్థం వెతక్కండి.

"మీవాళ్లు ఎలా చెబుతారు?"

"మేనేజర్ రూముకి పిలుస్తాడు. డోర్ వేస్తాడు. కూర్చోమంటాడు. కూర్చోమన్నాడంటే ఫినిష్, ఆడేవాణ్ని ఎవరూ కూర్చోమనరు కదా. ఎందుకు తీసేస్తున్నాడో చెప్తాడు. నీకు వంకర బంతి కొట్టడం రాదంటాడు. అది ట్రూ కూడా. దెన్ షేక్‌హ్యాండ్. మొన్న తైవాన్ ఆయనైతే ఏడ్చేశాడు అంకుల్. నేనే ఓదార్చాల్సి వచ్చింది."

జనార్దనరావు కోపీ కలుపుతూనే ఉన్నాడు. కలపడానికి అందులో ఇంకేమీ మిగల్లేదు.

"నన్నెవరూ కూర్చోమనలేదు," అన్నాడు.

ఉదయ్ మెల్లగా, "ఆంటీకి ఈరోజే చెప్పండి అంకుల్. లేట్ చేస్తే ఇంకా టఫ్," అన్నాడు.

"నువ్వూ రా. ఒక్కణ్నే చెప్పలేను."

ముగ్గురం వెళ్లాం. పెట్టె ఉదయ్ మోశాడు. తలుపు తీసిన సుభద్రమ్మకు ఏం కనిపించింది? పనిరోజున మధ్యాహ్నమే ఇంటికొచ్చిన భర్త, చేతిలో పెట్టెతో కుర్రాడు, వెంట ఒక పెద్దమనిషి. ఏ తెలుగు ఇల్లాలికైనా తోచేదే ఆవిడకూ తోచింది.

"కాగితం వచ్చిందన్నమాట," అంది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. లోపలి నుంచి నిఖిల పరుగెత్తుకొచ్చింది.

ఉదయ్ అబద్ధమాడలేడు. "ఆంటీ, యాక్చువల్లీ..." అన్నాడు.

జనార్దనరావు అతని భుజం మీద చేయి వేశాడు. "కాగితం దేనికిలే సుభద్రా. కుర్రాడు మంచివాడు. ఖాయం చేసుకుందాం."

చూశారా? ఒక మాట చెప్పలేక ఇంకో మాట చెప్పాడు. కూతుర్ని ఇచ్చేయడం తేలికనిపించింది, గేటు దగ్గర జరిగింది చెప్పడం కంటే. సుభద్రమ్మ అది తాంబూలాల సామాననుకుని పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి దేవుడి ముందుంచి, కేసరి చేయడానికి వెళ్లింది. పెట్టెలో ఉన్నవి ఒక కాఫీ కప్పు, ఒక స్టాప్లర్, పనిచేయని కార్డు.

అసలు సంగతి ఆవిడకు మూడు రోజుల తర్వాత తెలిసింది. చెప్పేటప్పుడు కాబోయే అల్లుడే పక్కన కూర్చున్నాడు. తిట్టింది, ఏడ్చింది, మిగిలిన కేసరి ఇద్దరికీ పెట్టింది. పెళ్లి మాత్రం ఆగస్టులోనే. ఈలోగా మామకూ అల్లుడికీ ఎవరికి ముందు పని దొరుకుతుందోనని మా బ్లాకులో పందేలు నడుస్తున్నాయి. నేను అల్లుడి మీద కాశాను. ప్రపంచంలో స్కూటర్లు ఎక్కువ.

కంపెనీల దొరల్లో తెలుగు చదివేవారెవరైనా ఉంటే వారికి ఒక చిన్న మనవి. మనుషుల్ని తీసేయండి, మీ కంపెనీ మీ ఇష్టం. కానీ దానికి కావలసిన సరంజామా మా ఉదయ్‌ని అడిగి రాసుకొచ్చాను. పెద్ద ఖర్చేం కాదు. తలుపున్న గది ఒకటి, కుర్చీలు రెండు, మొహం చూసి చెప్పగలిగే మనిషి ఒకరు. మొదటి రెండూ మీ ఆఫీసులో ఉన్నాయని జనార్దనరావు చెప్పాడు.