దక్షిణ ద్వారానికి అద్దం

శనివారం పొద్దున గిరిజాకుమారి పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి ఇంటావిడ హెలెన్ వచ్చేలోపు గుమ్మానికి అద్దం తగిలించాలి. ఈ పరాయి దేశంలో, క్లోనీ అనే ఊళ్ళో వాళ్ళుంటున్న ఆ అద్దె ఇంటి లీజు ఈ నెలాఖరుతో సరి. పొడిగించేదీ లేనిదీ హెలెన్ ఇవాళే చెప్తానంది. పొమ్మంటే మళ్ళీ ఇల్లు దొరకదు, కూతురు చరిత బడి మారాలి, కొత్త బడిలో పిల్ల ఎవరితోనూ కలవదు, బెంగతో చిక్కి శల్యమవుతుంది. గిరిజ ఆలోచన అప్పటికే పిల్లకి సెలైన్ ఎక్కించేదాకా వెళ్ళిపోయింది.

అన్నిటికీ మూలం దక్షిణ ద్వారమేనని లెటర్‌కెన్నీ అనే ఊళ్ళో ఉండే కమలక్క ముందురోజే ఫోన్లో తేల్చేసింది.

"ఇల్లు తిప్పలేం కదే! చైనావాళ్ళ వాస్తు, అదే ఫెంగ్ షుయ్‌లో దీనికి మందుంది. గుమ్మం పైన అద్దం పెడితే, వచ్చే చెడంతా దానికి తగిలి ఎదురింటికి పోతుంది."

"ఎదురిల్లు హెలెన్‌దే అక్కా!"

"వాళ్ళది ఉత్తర ముఖం. కుబేరుడి దిక్కు. తట్టుకుంటార్లే."

ఎనిమిది పలకల అద్దమే కావాలట, అది రావడానికి వారం పడుతుందట. అందాకా గిరిజ హాల్లోని గుండ్రటద్దం తెచ్చి, మేకు కొడితే లీజు ఒప్పుకోదు కాబట్టి, వాకిట్లో దీపం కొక్కేనికి చున్నీతో కట్టింది. ఆ అద్దమూ హెలెన్‌దే.

మూడు వారాలుగా మొహం చూపించని సూర్యుడు సరిగ్గా పదిన్నరకి బయటపడ్డాడు. అద్దం మీద పడ్డ ఎండ రోడ్డు దాటి, తిన్నగా హెలెన్ ముందుగది కిటికీలోకి దూకింది. కిటికీలో హెలెన్ ప్రత్యక్షమైంది. ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, రెండోది గట్టిగా ఊపుతోంది.

"ఏమండోయ్! ఆవిడ ఇల్లు ఖాళీ చెయ్యమంటోంది!"

తడితలతోనే పరిగెత్తుకొచ్చాడు భర్త చక్రధర్. "చెయ్యూపితే ఖాళీ చెయ్యమనా? ముందా అద్దం తియ్యవే తల్లీ!"

గిరిజ చక్రాల చెత్తడబ్బా లాక్కొచ్చి ఎక్కింది. చున్నీ ముడి బిగుసుకుపోయింది. కప్పుదామని తువ్వాలు వేస్తే గాలికి అది రోడ్డెక్కింది. అద్దం గిర్రున తిరిగి, వెలుగు హెలెన్ ఇంటిమీద కోతిలా గంతులేసింది.

"కదలకు!" అని అరిచాడు చక్రధర్.

"నేనెక్కడ కదిలాను? డబ్బా కదులుతోంది!"

"యూ ఆర్ గ్రాండ్, మమ్మీ," అని, ఏం ఫర్లేదనే ఇక్కడివాళ్ళ మాటతో ధైర్యం చెప్తూ చరిత ఫోటో తీసింది.

ఇంతలో హెలెన్ ఇంటి చెప్పులతోనే రోడ్డు దాటి వచ్చేసింది. గిరిజ డబ్బా మీదే అటు తిరిగింది. "సారీ మేడమ్, ఇప్పుడే తీసేస్తా..."

"తియ్యొద్దు! కాస్త ఎడమకి!" అంది హెలెన్ రొప్పుతూ. "అందుకే కదా అప్పట్నుంచీ చెయ్యూపుతున్నాను! ముందుగదిలో మా అమ్మ ఉంటుంది, తొంభై ఏళ్ళు. ఆ గదికి ఎండే రాదు. అక్టోబరు నుంచీ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఇవాళ మొహాన వెలుగు పడగానే లేచి కూర్చుని టీ అడిగింది!"

చక్రధర్ అద్దాన్ని కాస్త ఎడమకి తిప్పాడు. ఎదుటి కిటికీలో ఓ ముసలావిడ కళ్ళు చికిలించుకుని, టీ కప్పు ఎత్తి చూపించింది. గిరిజకి కళ్ళు చెమర్చాయి. చెత్తడబ్బా మీంచే దణ్ణం పెట్టింది.

"లీజు ఇంకో రెండేళ్ళు," అంది హెలెన్. "ఒకటే షరతు. అద్దం ఇక్కడే ఉండాలి. మేకు నేనే కొట్టిస్తాను."

మధ్యాహ్నం కమలక్క ఫోన్ చేసింది. "ఏమైందే? చెడు ఎదురింటికి పోయిందా?"

"ఏమో అక్కా. ఎండైతే పోయింది."

ఆ రోజు నుంచి గిరిజాకుమారి దిక్కులకి భయపడడం మానేసి, మబ్బులకి భయపడడం మొదలుపెట్టింది.