తడి ఆరనివ్వని మిత్రులు

దర్జీ ఇల్లు నీళ్లపాలైన సందర్భంగా మిత్రులందరూ ఏకమై అతన్ని ఆదుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆదుకునే కార్యక్రమం నలభై ఏడు రోజులపాటు నిర్విఘ్నంగా సాగింది. ఈలోగా కోలుకుందామని దర్జీ తొందరపడి చేసిన ప్రయత్నాలన్నింటినీ మిత్రులు సకాలంలో అడ్డుకోగలిగారు.

జరిగింది చిన్న విషయమే. పై వాటావాళ్లు నీళ్లు రాని రోజున కుళాయి తిప్పి, రాలేదని విసుక్కుని, అలాగే వదిలేసి ఊరెళ్లారు. వాళ్లటు వెళ్లగానే నీళ్లొచ్చాయి. కింద వాటాలో ఉండే దర్జీ మరదలి పెళ్లికని భార్యతో సహా వెళ్లి, రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి తాళం తీశాడు. ముందు గదిలోని దుకాణమూ వెనక గదిలోని సంసారమూ చీలమండల లోతు నీళ్లలో ఒక్కటైపోయి ఉన్నాయి. కుట్టుమిషను కింద బిగించిన మోటారు మునిగింది. బడి పిల్లల యూనిఫారాలకని గోడవారన నిలబెట్టిన గుడ్డ తానులు అడుగునుంచి సగందాకా నీళ్లు పీల్చుకున్నాయి. బడులు తెరవడానికి పన్నెండు రోజులుంది. ఆలోగా అరవై జతలు కుట్టివ్వాలి. ఆరు నెలల ఇంటద్దె గురించి ఆలోచించకుండా నిద్రపోనిచ్చేది ఏడాది మొత్తంలో ఆ ఒక్క పనే.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చినవాడు హెడ్ గుమస్తా. వాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే లెక్కల పరీక్ష రెండేసిసార్లు తప్పినవాళ్లు. అంతకంటే దగ్గరి బంధుత్వం ఉండదు.

"కంగారేం లేదురా," అన్నాడు దర్జీ, చీపురుతో నీళ్లు గుమ్మం బయటికి తోస్తూ. "మెకానిక్కుతో మాట్లాడాను. మోటారు ఇవాళే విప్పి ఆరబెట్టి, వైండింగు చేస్తానన్నాడు. మిషను తుడిచి నూనె పోస్తే ఎల్లుండికి నడుస్తుంది. గుడ్డంటావా, ఉతికి ఆరేస్తే సరి. ఓ రెండు వేల ఎనిమిది వందలు కావాలంతే. యూనిఫారాలు ఇవ్వగానే నీ డబ్బు నీకిచ్చేస్తాను."

హెడ్ గుమస్తాకు కళ్లు చెమర్చాయి. ప్రాణస్నేహితుడు తన ముందు చెయ్యి చాపడం అతను చూడలేకపోయాడు. అందుకని ముందుగా ఆ చేతిలోని చీపురు లాక్కున్నాడు.

"నోర్ముయ్‌రా! అడుక్కునే ఖర్మ నీకేంటి? నీ తరఫున అడుక్కోవడానికి మేం లేమూ? ముందు ఆ నీళ్లు తోయడం ఆపు. సాక్ష్యమంతా కాలవలో పోతోంది."

హెడ్ గుమస్తాది తప్పుపట్టాల్సిన బుద్ధి కాదు. ఇరవై ఆరేళ్లుగా అతను నష్టపరిహారాల విభాగంలో పనిచేస్తున్నాడు. ఆ విభాగంలో ఒక పద్ధతుంది. నష్టపోయినవాడు, పరిశీలించే అధికారి వచ్చేదాకా, నష్టాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకోవాలి. ఒకాయన ఇంటి గోడ కూలితే, చలికి తట్టుకోలేక ఏడాది తిరక్కుండానే తనే మళ్లీ కట్టుకున్నాడు. 'కూలిన గోడ ఏదీ కనబడలేదు' అని స్వయంగా రాసి ఆ ఫైలు మూసింది మన హెడ్ గుమస్తాయే. అలాంటి గతి తన మిత్రుడికి పట్టకూడదని అతని తాపత్రయం.

ఆ సాయంత్రమే మిత్ర సహాయ సంఘం ఏర్పడింది. బాధితుణ్ని ఎక్కడికో రప్పించి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు కనుక, సమావేశం బాధితుడి ఇంట్లోనే పెట్టారు. పద్దెనిమిది మంది కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. దర్జీ భార్య రెండుసార్లు టీ ఇచ్చింది. అద్దె కుర్చీల డబ్బు దర్జీ ఇచ్చాడు. అధ్యక్షుడిగా ఒక రిటైర్డు లెక్చరర్‌ను ఎన్నుకున్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పాఠమూ పరిచయ వాక్యాలు దాటి చెప్పలేదు కనుక విద్యార్థులు ఆయన్ని ఉపోద్ఘాతం గారని పిలుచుకునేవారు.

"మిత్రులారా!" అన్నారు ఉపోద్ఘాతం గారు. "నీరు ప్రాణాధారం. నీరు లేనిదే నాగరికత లేదు. అయితే ఆ నీరే మన ఇంట్లోకి వస్తే? ఇది లోతుగా ఆలోచించవలసిన విషయం. నేను పాదాలవరకు ఆలోచిస్తూనే ఉన్నాను."

చప్పట్లు కొట్టారు. ఏకగ్రీవంగా మూడు తీర్మానాలు చేశారు. దాతలు వచ్చి చూసేదాకా ఫ్యాను వేయరాదు. కిటికీలు తెరవరాదు. మిషను మీద చెయ్యి వేయరాదు. వీటి అమలు బాధ్యత హెడ్ గుమస్తాకు అప్పగించారు. అతను గోడ మీద నీటి చార దగ్గర పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాడు.

నాలుగో రోజుకి గుడ్డ వాసనేసింది. "అన్నయ్యగారూ, పోనీ తానులైనా ఎండలో వేసుకోమా? బూజు పట్టేస్తోంది," అంది దర్జీ భార్య.

"చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతాను, తొందరపడి చెడగొట్టకు," అన్నాడు హెడ్ గుమస్తా. "బూజు రానీ. బూజుంటే ఫోటో బాగా వస్తుంది. పొడిగా ఉన్న ఇంటికి ఎవరిస్తారమ్మా?"

దాతలు తీరికలేనివాళ్లు. తొమ్మిదో రోజుకి గానీ వీలుపడదన్నారు. అప్పుడు ఎండలు మండిపోతున్నాయి. మూసిన కిటికీలనూ సంఘం తీర్మానాలనూ లెక్కచెయ్యకుండా నేల దానంతటదే ఆరిపోవడం మొదలుపెట్టింది. ఈ కుట్రను హెడ్ గుమస్తా ఎనిమిదో రోజు పొద్దున్నే కనిపెట్టాడు. ఆఫీసుకు సెలవు పెట్టాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వీధి కుళాయి నుంచి బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి పెన్సిలు గీత అందేదాకా పోశాడు. మోటారు మీద మాత్రం విడిగా ఒక చెంబుడు పోశాడు. నడుం పట్టేసింది. అయినా మిత్రుడి కోసం ఈమాత్రం చెయ్యకపోతే ఎలా అనుకున్నాడు. ఆ అనుకోవడంలో కల్మషమేమీ లేదు.

దాతలు వచ్చారు, చూశారు, చలించారు. మిషను పక్కన నిలబడి ఒక్కొక్కరూ ఫోటో దిగారు. దర్జీని కొంచెం దిగులుగా ఉండమని కోరారు. అందుకు అతను పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది.

పన్నెండో రోజు బడి నుంచి మనిషి వచ్చాడు. కుట్టని యూనిఫారాలనూ బూజు పట్టిన తానులనూ చూశాడు. అడ్వాన్సు వెనక్కి తీసుకుని, పనిని పెద్ద దుకాణానికి ఇచ్చేస్తున్నట్టు చెప్పి వెళ్లిపోయాడు. దర్జీ గడప మీద కూలబడ్డాడు. సంగతి తెలిసి ఆఫీసునుంచి నేరుగా వచ్చిన హెడ్ గుమస్తా అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"శభాష్‌రా! కేసు బలపడింది!"

దాతలకని తను తయారుచేస్తున్న దరఖాస్తులో 'జీవనోపాధి నష్టం' అనే గడి పన్నెండు రోజులుగా ఖాళీగా ఉండి అతనికి నిద్రపట్టనివ్వలేదట. ఇప్పుడది నిండింది.

తర్వాత మెకానిక్కు వచ్చి మోటారు విప్పబోతే స్క్రూలు తుప్పుకు కరుచుకుపోయి రాలేదు. మిషను చక్రం తిప్పితే కదల్లేదు. ఇక బాగుచెయ్యడానికేం లేదని, కొత్తది కొనాల్సిందేనని చెప్పాడు. ముప్పై ఒక్క వేలు. ఈ విషయాన్ని ఉపోద్ఘాతం గారు తర్వాతి సమావేశంలో సగర్వంగా ప్రకటించారు.

"మిత్రులారా! మనం పని మొదలుపెట్టిననాడు మన మిత్రుడి నష్టం మూడు వేలైనా లేదు. మీ అందరి నిస్వార్థ కృషి వల్ల నేడది పదకొండు రెట్లు పెరిగింది!"

ఈసారి చప్పట్లు ఎక్కువసేపు కొట్టారు. ఆ రోజు టీ లేదు. దర్జీ భార్య పాలవాడికి బాకీ ఉందట. క్రమశిక్షణ తగ్గుతోందని కొందరు సభ్యులు విచారించారు.

లోకంలో మంచివాళ్లకేం కొదవలేదు. నలభై రోజులు తిరిగేసరికి ముప్పై ఒక్క వేలూ వసూలయ్యాయి. పైసా పక్కదారి పట్టలేదు. ఇక ఇవ్వడమే తరువాయి. అయితే అంతకు పది రోజుల ముందే దర్జీ, సంఘానికి మాటమాత్రం చెప్పకుండా, రెడీమేడ్ దుకాణంలో బొత్తాలు కుట్టే పనికి చేరిపోయాడు. నియమావళి ప్రకారం సహాయం సంపాదన లేనివారికి మాత్రమే. నియమావళి రాసినవాడు హెడ్ గుమస్తా. స్నేహితుడని చూసీచూడనట్టు పోతే రేపు సంఘం పరువేం కాను? నలభై ఏడో రోజు సర్వసభ్య సమావేశంలో అతను కన్నీళ్లు తుడుచుకుంటూ ఆ సంగతి చదివి వినిపించాడు. నిధిని భవిష్యత్తులో తడవబోయే అర్హుల కోసం బ్యాంకులో వేయాలని తీర్మానించారు. ఇన్నాళ్లూ సహకరించినందుకు దర్జీకి ధన్యవాదాలు తెలిపారు.

కార్యక్రమం తృప్తికరంగా ముగిసినట్టు బాధితుడి సంతకం ఒక్కటే మిగిలింది. మర్నాడు మధ్యాహ్నం హెడ్ గుమస్తా కాగితం పట్టుకుని రెడీమేడ్ దుకాణానికి వెళ్లాడు. వెనక హాల్లో ట్యూబులైట్ల కింద నలభై మంది వరసగా కూర్చుని కుడుతున్నారు. చొక్కాకింత అని లెక్క కనుక ఎవరూ తలెత్తడం లేదు. దర్జీ కాగితం చదవకుండానే సంతకం పెట్టి వెనక్కిచ్చాడు.

"ఒకటడుగుతాను, నిజం చెప్తావా?" అన్నాడు, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఆవేళ పొద్దున పరిగెత్తుకొచ్చావు చూడు, అప్పుడు నీ జేబులో ఎంతుందిరా?"

అంకెల విషయంలో హెడ్ గుమస్తా అబద్ధమాడి ఎరగడు.

"జీతమొచ్చిన మర్నాడు కదా. తొమ్మిది వేలుంది."

దర్జీ దారం కొరికి, పక్కనున్న కుప్పలోంచి ఇంకో చొక్కా తీసుకున్నాడు.

హెడ్ గుమస్తాకు సిగ్గేసింది. ఏ ఫైలులోనూ పెట్టడానికి వీల్లేని సిగ్గు. చెయ్యి జేబుదాకా వెళ్లింది కూడా. కానీ తృప్తిపడినట్టు సంతకం చేసిన మనిషికి మళ్లీ విడిగా ఇస్తే రికార్డులో తేడా వస్తుందని గుర్తొచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి అదే జేబులో భద్రపరుచుకుని, చెమట తుడుచుకుంటూ ఆఫీసుకు వెళ్లిపోయాడు.

హెడ్ గుమస్తాను మనసులో తిట్టుకుంటున్న పాఠకులకు ఒక మనవి. మీకు తెలిసినవాళ్ల ఇల్లు ఏదో ఒకటి ఈపాటికి తడిసే ఉంటుంది. ఫోటో మీదాకా వచ్చింది, మీరు 'అయ్యో పాపం' అన్నారు, నలుగురికీ పంపించారు కూడా. చాలా సంతోషం. ఆ సమయంలో మీ జేబులో ఎంతుందని ఇక్కడెవరూ అడగడం లేదు.