గణపతిరావు పేరు ఆరేలోపు

పంతొమ్మిది వందల ఎనభై మూడు, ఫిబ్రవరి పదమూడు, ఆదివారం. ఆ ఉదయం కూర్మారావు చద్దన్నం తిన్నాడు, పక్కింటి అసిరమ్మ అడగకుండానే పంపిన వంకాయ పచ్చడితో. బి.ఏ. చదివి, ఒరిస్సాలోని బరంపురంలో బోర్డులు రాసుకునే ఆయనకు, భార్య పుణ్యవతి పోయిన నాలుగేళ్లలో ఇలాంటి గిన్నెలే పండగలు.

ఆ రోజుతో ఒక పని తేలిపోవాలి. ఢిల్లీశ్వరరావు తీస్తున్న దెయ్యాల సినిమాకు మొదట్లో వచ్చే పేర్లు రాయాలి. పేరుకొక నల్ల అట్ట. వాటినే కెమెరాతో తీస్తారు. ఆఖరి అట్ట మీద రాసినవాడి పేరు. "మీ పేరు తెర మీద చూడాలండీ" అని పుణ్యవతి ఎన్నోసార్లు అనేది. కానీ రాసినవి రెండుసార్లు తిరిగొచ్చాయి.

"నెత్తురు కారినట్టు రాయమంటే టమాటా పులుసు కారినట్టు రాసినారు మాస్టారూ! సూస్తే జడుపు రావాల. సాయంత్రానికి కుదరకపోతే మద్రాసుకి ఇచ్చేస్తాను" అనేశాడు ఢిల్లీశ్వరరావు.

కూర్మారావు ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. చెయ్యి ఒప్పుకోలేదు. తన గుండ్రటి తెల్లని అక్షరాలతోనే హీరో పేరు రాశాడు: గణపతిరావు. హీరో ఎవరో కాదు, నాలుగిళ్ల అవతల ఒంటరిగా ఉండే రైల్వే గుమాస్తా. అట్టను అరుగు మీద ఆరబెట్టి, మిగతావి రాయడానికి లోపలికి వెళ్లాడు.

ఒక్క సంగతి మరిచిపోయాడు. ఆ వీధిలో తెలుగువాళ్లెవరు పోయినా, నల్ల పలక మీద పేరు తెల్లగా రాసి ఆ అరుగు మీదే పెట్టేది ఇరవై ఏళ్లుగా ఆయనే.

గిన్నె కోసం వచ్చిన అసిరమ్మ అట్ట చూసి గిన్నె మాట మరిచింది. "ఓలమ్మ, గనపతిబాబే! నిన్ననే గదా కూరలు బేరమాడినాడు!"

పదింటికల్లా స్టేషనువాళ్లు దండలు తెచ్చారు. కబురందుకుని ఛత్రపూర్‌లో గణపతిరావు అక్క ఏడుస్తూ బస్సెక్కింది. గణపతిరావు ఇంటికి తాళం ఉంది. శవం ఆస్పత్రిలో ఉందని ఎవరో అన్నారు, అంతా నమ్మారు.

అప్పుడే ఆర్యపల్లి నుంచి చేపల సంచితో వచ్చిన మనిషి గుంపు వెనక నిలబడ్డాడు.

"ఎవులు పోయినారేటి?"

"గనపతిరావు" అన్నాడు ముందున్న స్టేషను లక్ష్ముడు, వెనక్కి చూడకుండానే.

"అయ్యో! ఏ గనపతిరావు?" అంటూ చెప్పులు విప్పాడు.

లక్ష్ముడు తిరిగి చూసి, దండతో సహా కాలవలో పడ్డాడు.

గుంపంతా కూర్మారావు అరుగు మీదికి వచ్చింది. "మాస్టారూ! నాను సచ్చినానని మీకు ఎవులు సెప్పినారు? సేపలు పాడైపోతన్నాయి!" అని గణపతిరావు కేకలేశాడు. అక్క బస్సు దిగి, బతికున్న తమ్ముణ్ణి రెండు దెబ్బలు వేసి, మళ్లీ ఏడ్చింది.

"సినిమా అట్ట నాయనా... క్షమించు" అన్నాడు కూర్మారావు. సందడికి వచ్చిన ఢిల్లీశ్వరరావును చూసి ఎర్ర డబ్బా అందుకున్నాడు. "ఇప్పుడే నెత్తురు పెట్టేస్తాను బాబూ."

ఢిల్లీశ్వరరావు అట్టను చూశాడు. ఇంకా తెల్లబోయి ఉన్న ముఖాలను చూశాడు.

"డబ్బా మూసెయ్యండి మాస్టారూ. ఈదంతా జడిసింది, ఇంకేటి కావాల? అన్నీ ఇలగే రాసియ్యండి. మీ పేరు కూడా."

దీపాలవేళకు తన పేరున్న ఆఖరి అట్ట పూర్తయింది. కూర్మారావు దాన్ని పుణ్యవతి ఫొటోకు ఒకసారి చూపించి, అరుగు మీద ఆరబెట్టాడు. గణపతిరావు పంపిన చేపల పులుసు తిని చెయ్యి కడుక్కుంటుంటే పొద్దుటి దండలు గుర్తొచ్చాయి. తడి ఆరకుండానే అట్టను లోపలికి తెచ్చి, గోడవైపు తిప్పి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.

మర్నాడు సోమవారం; అందరికీ ఆఫీసులున్నాయి.